ముసురు రాత్రుల్లో మాకు అడవి దారి తెరవండి: అమ్రాబాద్ కప్పలు, పాముల పరిశీలన గురించి అటవీశాఖకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గారికి, అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఫీల్డ్ డైరెక్టర్ గారికి,

నమస్కారం.

అచ్చంపేట, అమ్రాబాద్, పదర, దేవరకొండ, చందంపేట మండలాల్లో ఉంటూ, కప్పలు, పాములు, బల్లులు, తాబేళ్ల మీద పనిచేసే శాస్త్రవేత్తల వెంట వీలైనప్పుడల్లా నడిచిన స్వచ్ఛంద పరిశీలకుల తరఫున ఈ లేఖ రాస్తున్నాను. మాలో బడి పంతుళ్లు, డిగ్రీ చదువుతున్న పిల్లలు, కొందరు రైతులు, బండ్లు బాగుచేసే మెకానిక్ ఒకరు, చెంచు యువకులు ఉన్నారు. మేము కోరేది ఒక్కటే. ఉభయచరాలు, సరీసృపాల పరిశీలనకు మీరిచ్చే అనుమతి ఒక పరిశోధకుడి ప్రాజెక్టుతో మొదలై ఆ ప్రాజెక్టుతోనే ముగిసిపోకూడదు. అవే కుంటల దగ్గర, అవే దారుల వెంట, ప్రతి వానకాలంలోనూ స్థానికులు శాస్త్రవేత్తల పర్యవేక్షణలో చేసుకుపోయే శాశ్వత కార్యక్రమంగా అది మారాలి. ఎందుకు మారాలో, మారితే మీకు ఎదురయ్యే ఇబ్బందులేమిటో, మాకు తోచినంతవరకు దాపరికం లేకుండా చెప్తాను.

పులులను లెక్కించే పద్ధతి మీ శాఖకు కొత్త కాదు. 2006 నుంచి నాలుగేళ్లకోసారి దేశమంతటా ఒకే తీరుగా ఆ లెక్క జరుగుతోంది, చెట్లకు కట్టిన కెమెరాలు ముందు నుంచి పోయే జంతువును ఫొటో తీస్తున్నాయి. అయితే ఆ కెమెరాలు పనిచేసేది వేడిలో తేడాను బట్టి. జంతువు ఒంటి వేడికీ చుట్టూ ఉన్న నేల వేడికీ మధ్య తేడా తగిలినప్పుడే అవి మేలుకుంటాయి. ఒంటి వేడి పరిసరాలతో పాటు మారిపోయే పాము, ఉడుము వాటి ముందే పాక్కుంటూ పోయినా చాలాసార్లు అవి గుర్తించవు, ఇక బొటనవేలంత కప్ప సంగతి చెప్పనే అక్కరలేదు. పులికీ చిరుతకూ ఎలుగుబంటికీ మీ దగ్గర ఉన్న సాధనం ఈ జీవులకు పనికిరాదు. వీటిని మనిషే వెళ్లి చూడాలి, వినాలి, రాసుకోవాలి.

అది కూడా ఎప్పుడు పడితే అప్పుడు కుదిరే పని కాదు. మన ఎర్రనేలల్లోనూ నల్లమల అంచుల్లోనూ ఏడాదిలో ఎక్కువ రోజులు మట్టి అడుగునే గడిపే కప్పలు ఉన్నాయి. వాటి వెనక పాదాల అడుగున పారలా పనిచేసే గట్టి బుడిపె ఉంటుంది, దానితో నేలను తవ్వుకుంటూ వెనక్కి వెనక్కి లోపలికి దిగిపోతాయి. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో గట్టి వాన కురిసిన రాత్రి అవి పైకి వస్తాయి. కొత్తనీరు నిలిచిన గుంటల్లో మగవి గొంతెత్తి అరుస్తాయి, జతలు కడతాయి, గుడ్లు పెడతాయి, కొద్ది రాత్రుల్లోనే మళ్లీ కనిపించకుండా పోతాయి. బోదురు కప్పల మగవి కూడా ఆ తొలివానల్లోనే నిమ్మపండు రంగుకు తిరిగి, గొంతు కింద నీలి సంచులు ఉబ్బించుకుని కుంటల్లో కనిపిస్తాయి, ఆ రంగు చూడాలంటే ఆ కొద్ది రోజుల్లోనే చూడాలి. వారం ఆలస్యంగా వచ్చిన మనిషికి అదే గుంటలో నీళ్లు, గడ్డి, కొన్ని తోకకప్పలు తప్ప మరేమీ దొరకవు, అతడు తన పుస్తకంలో ఆ కప్ప ఇక్కడ లేదనే రాసుకుని పోతాడు.

ఇక్కడే స్థానికుడి అవసరం వస్తుంది. పదరలో సాయంత్రం వాన దంచిందని హైదరాబాద్‌లోని శాస్త్రవేత్తకు మేము ఫోన్ చేస్తే, ఆయన సామాను సర్దుకుని, నగరపు ట్రాఫిక్ దాటుకుని, సుమారు 140 కిలోమీటర్లు ప్రయాణించి మన్ననూరు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది, శ్రీశైలం దారి గేటు పడి ఉంటుంది. మేమైతే కుంటకు నడిచి పోగలిగినంత దూరంలోనే ఉంటాం. ఆ శాస్త్రవేత్తకు ఉన్న చదువు మాకు లేదు, కానీ ఆ రాత్రికి అక్కడ ఉండగలగడం అనేది చదువుతో వచ్చే సౌకర్యం కాదు. ఆయన నేర్పిన పద్ధతిలో మేము విని, రాసి, రికార్డు చేసి పంపితే ఆయన సరిచూసుకుంటారు. ఈ ఏర్పాటు ఇప్పటికీ అడపాదడపా నడుస్తూనే ఉంది. కానీ శాస్త్రవేత్త ప్రాజెక్టు గడువు తీరిన మరునాటి నుంచి మేము అడవిలో పరాయివాళ్లమే.

రెండు మూడేళ్ల ప్రాజెక్టు ఎందుకు చాలదో కూడా చెప్పాలి. కప్పల సంఖ్య వానను బట్టి ఏడాదికీ ఏడాదికీ విపరీతంగా మారుతుంది. కరువు ఏడాది కొన్ని జాతులు అసలు గుడ్లు పెట్టవు, మరుసటి ఏడు వానలు బాగా పడితే అదే కుంట మళ్లీ హోరెత్తుతుంది. రెండు మంచి ఏళ్లు చూసినవాడు అంతా బాగుందంటాడు, రెండు చెడ్డ ఏళ్లు చూసినవాడు జాతి అంతరించిపోతోందంటాడు, ఇద్దరూ నిజాయితీపరులే. మామూలు హెచ్చుతగ్గులేవో, నిజమైన క్షీణత ఏదో వేరుచేసి చెప్పాలంటే ఒకే చోట, ఒకే పద్ధతిలో పది పదిహేనేళ్ల రాత ఉండాలి. అమెరికాలో 1997 నుంచి 2015 వరకు ప్రభుత్వ భూగర్భ పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో వేలమంది స్వచ్ఛంద కార్యకర్తలు దారుల వెంట కప్పల అరుపులు విని నమోదు చేసిన కార్యక్రమం నడిచింది. ఆస్ట్రేలియాలో సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియం 2017లో ఫోన్ యాప్ తెచ్చి, జనం రికార్డు చేసి పంపిన అరుపులను నిపుణుల చేత గుర్తింపజేస్తోంది. మన దగ్గర అంత ఆర్భాటం అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, ఒక ఫోన్, పదేళ్లపాటు ఎవరూ అడ్డుచెప్పని అనుమతి ఉంటే మొదలుపెట్టవచ్చు.

పద్ధతి కష్టమైనది కాదు. ముందే ఖరారు చేసిన చోట్ల ఆగి, ఒక్కో చోట ఐదు నిమిషాలు మాట్లాడకుండా వినాలి. ఏ జాతి కప్ప అయినా ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగేంత పల్చగా అరుస్తుంటే ఒకటి, అరుపులు అక్కడక్కడ ఒకదానిమీద ఒకటి పడుతున్నా వేరుచేయగలిగితే రెండు, అన్నీ కలిసిపోయి ఏకధాటి హోరుగా ఉంటే మూడు అని రాసుకోవాలి. ఎన్ని కప్పలున్నాయని ఎవరినీ అడగరు, ఊహించి చెప్పమని కూడా అడగరు. వాన ఎప్పుడు కురిసింది, గాలి ఎలా ఉంది, కుంటలో నీరు ఏ మేరకు ఉంది అన్నవి దాని పక్కనే రాయాలి. చెట్టు కప్పల విషయంలో ఇంకొక సౌలభ్యం ఉంది. అవి నీటి మీదికి వంగిన కొమ్మలకు, కుంటల అంచులకు నురగ గూళ్లు కడతాయి, కప్పను చూడకుండానే పొద్దున్నే ఆ గూళ్లు లెక్కపెట్టవచ్చు. పాములకు, తొండలకు, ఉడుములకు మాత్రం నడక తప్పదు. నిర్ణీత దారిలో, నిర్ణీత సమయం పాటు, ఇంతమంది ఇన్ని గంటలు వెతికారు అని రాసుకుంటూ నడవాలి. ఏమీ కనబడని రోజు కూడా ఏమీ కనబడలేదని రాయాలి. కొత్తవాళ్లకు అన్నిటికన్నా కష్టమైన పని అదే, కొండచిలువను చూసిన రోజు అందరూ రాస్తారు, ఖాళీగా తిరిగొచ్చిన రోజు పుస్తకం తీయడానికి ఎవరికీ మనసొప్పదు.

ఇందులో ఏ జీవినీ ముట్టుకునే అవసరం లేదన్న సంగతి మీరు గమనించాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పట్టుకోవడం కూడా వేట కిందికే వస్తుంది, సరీసృపాల గుడ్లను, గూళ్లను కదిలించడమూ వేటే. శాస్త్ర పరిశోధన కోసం పట్టుకోవాలంటే 12వ సెక్షన్ కింద ప్రత్యేక అనుమతి కావాలి, అది మేము అడగడం లేదు, మా చేతికి ఇవ్వమని ఎవరు చెప్పినా ఇవ్వవద్దనే మా మాట. మేము అడుగుతున్నది 28వ సెక్షన్ కింద, వన్యప్రాణుల అధ్యయనం కోసం అభయారణ్యంలోకి ప్రవేశించేందుకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఇవ్వగలిగిన అనుమతి మాత్రమే. చట్టం మార్చనక్కరలేదు, చట్టంలో ఇప్పటికే ఉన్న తలుపును వానకాలంలో తీసి ఉంచితే చాలు.

ఎందుకంటే మా పనికీ మీ క్యాలెండరుకూ పొత్తు కుదరడం లేదు. జూలై 1 నుంచి సెప్టెంబరు 30 వరకు అభయారణ్యంలో పర్యాటకాన్ని నిలిపివేస్తారు. జంతువులకు ప్రశాంతత కావాలి, మట్టిదారులు పాడవుతాయి, అది సరైన నిర్ణయమే. అయితే ఉభయచరాల ఏడాదిలో ఎక్కువ భాగం ఆ మూడు నెలల్లోనే నడుస్తుంది. అలాగే మన్ననూరు నుంచి దోమలపెంట వరకు జాతీయ రహదారిని రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు మూసివేయడం వల్ల ఎన్నో ప్రాణాలు నిలుస్తున్నాయి, దాన్ని సడలించమని ఎవరైనా అడిగితే మేమే ముందుగా వ్యతిరేకిస్తాం. మేము కోరేది మమ్మల్ని సఫారీకి వచ్చే పర్యాటకుల లెక్కలో వేయకుండా, నడిచి తిరిగే, ముందే పేర్లు నమోదైన, బీట్ అధికారికి తెలిసిన చిన్న బృందాలుగా చూడమని మాత్రమే.

రహదారి మాట వచ్చింది కాబట్టి దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. మా పరిశీలనలో అన్నిటికన్నా తక్షణ ప్రయోజనం కనిపించేది అక్కడేనని నా అభిప్రాయం. రాత్రి గేటు పడుతుందన్న మాట నిజమే గానీ, పొద్దుగూకినప్పటి నుంచి తొమ్మిది గంటల వరకు ఉండే సమయం పాములకూ కప్పలకూ అత్యంత ప్రమాదకరమైనది. పగటి ఎండకు వేడెక్కిన తారురోడ్డు మీదికి పాములు ఆ వేళకే వస్తాయి, వాన పడితే కప్పలు గుంపులుగా దాటుతాయి, గేటు పడేలోపు అడవి దాటాలనే తొందరలో వాహనాలు ఆ వేళకే వేగం పెంచుతాయి. పైగా శ్రీశైలం భక్తుల రద్దీ పెరిగే శ్రావణమాసం సరిగ్గా వానల్లోనే వస్తుంది. ఉదయం గేటు తెరవకముందే నిర్ణీత దూరం నడిచి, రోడ్డు మీద నలిగిన జీవాలను ఫొటో తీసి, చోటు రాసుకుంటే, ఏ మలుపు దగ్గర, ఏ వాగు దాటే చోట ఎక్కువ చస్తున్నాయో ఒక్క వానకాలంలోనే తెలిసిపోతుంది. వేగ నిరోధకాలు ఎక్కడ వేయాలో, కల్వర్టుల కింది దారిని ఎక్కడ శుభ్రం చేయాలో చెప్పడానికి అంతకు మించిన ఆధారం ఉండదు. ఈ మార్గంలో అడవి మీదుగా ఎత్తైన వంతెన రహదారి కట్టాలన్న ప్రతిపాదన కూడా ఉంది. అది వస్తుందో రాదో నిర్ణయించేవారు వేరే. ఒకవేళ వస్తే, కట్టక ముందు పరిస్థితి ఏమిటన్న ప్రశ్నకు జవాబు మాత్రం కట్టిన తర్వాత ఎవరూ తయారుచేయలేరు.

స్వచ్ఛంద కార్యకర్తల రాతలను నమ్మవచ్చునా అని మీ అధికారులు అడుగుతారు, అడగాలి కూడా. కట్లపామునూ, దాన్ని పోలి ఉండే విషం లేని చిన్న పామునూ కలిపేయడం మన పల్లెల్లో రోజూ జరిగేదే. విషం లేనిదానికి తెల్లటి పట్టీలు మెడ దగ్గరే మొదలై తోక వైపు మసకబారతాయి, కట్లపాముకు తల వెనక కొంత దూరం ఖాళీగా ఉండి, తర్వాత పట్టీలు జంటలు జంటలుగా సాగుతాయి, వెన్ను నడుమ పొలుసులు మిగతావాటికన్నా పెద్దవిగా, ఆరు పలకలుగా ఉంటాయి. ఇది ఫొటోలో తేలుతుంది. చిన్న కప్పల్లో మాత్రం కొన్ని జాతులను ఫొటో చూసి నిపుణులు కూడా తేల్చలేరు, అరుపు రికార్డు ఉంటేనే తేలుతుంది. కాబట్టి ఫొటో గానీ రికార్డు గానీ లేని నమోదును లెక్కలోకి తీసుకోవద్దని మేమే నియమం పెట్టుకోవాలి. పేరు తెలియనప్పుడు తెలియదని రాసే పిల్లవాడిని మెచ్చుకునే శిక్షణ కావాలి. ఆ శిక్షణ ఇవ్వగలిగినవారు దూరంలో లేరు. మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం, నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉస్మానియా జంతుశాస్త్ర విభాగం, జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రాంతీయ కేంద్రం, అంతరించిపోయే జాతుల కోసం సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ నడిపే ప్రయోగశాల ఉన్నాయి. మీ శాఖ పిలిస్తే ఏడాదికి రెండు రోజులు కేటాయించడానికి అక్కడివారు వెనకాడరనే మా నమ్మకం.

చెంచుల గురించి విడిగా చెప్పకపోతే ఈ లేఖ అబద్ధమవుతుంది. అడవిలో ఏ బండ కింద ఉడుము ఉంటుందో, ఏ వాగు మడుగులో ఎండాకాలం కూడా తాబేలు దొరుకుతుందో, ఏ కప్ప ఏ వాన తర్వాత అరుస్తుందో మా అందరికన్నా వారికే ఎక్కువ తెలుసు. శాస్త్రవేత్తల వెంట నడిచేటప్పుడు ముందు నడిచేది వారే, ఫొటోల్లో, వ్యాసాల్లో కనిపించనిది కూడా వారే. ఇది పాత అలవాటే. అంతకుముందు విశాఖపట్నంలో ఉండిన పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద పుస్తకం అచ్చువేసినప్పుడు స్థానికులు చెప్పిన తెలుగు పేర్లు చాలా అందులో చేరాయి. రక్తపింజరను ప్రపంచమంతా ఇప్పటికీ ఆ వైద్యుడి పేరుతోనే పిలుస్తోంది, ఆ పేర్లు చెప్పినవారు ఎవరో మనలో ఎవరికీ గుర్తు లేదు. అందుకే మేము స్వచ్ఛందంగా పనిచేస్తామన్నది చెంచులకు వర్తించకూడదని కోరుతున్నాం. మాకు జీతమో, వ్యవసాయమో ఉంది. రాత్రంతా మాతో నడిచిన చెంచు యువకుడికి మరునాటి కూలి పోతుంది. అతనికి మార్గదర్శి రోజుకూలీ ఇవ్వాలి, నివేదికలో అతని పేరు రాయాలి. తమిళనాడులో ఇరులర్ పాములవారు 1978లో సహకార సంఘం పెట్టుకుని, ప్రభుత్వ అనుమతితో విషం సేకరించి మందుల తయారీకి అమ్ముతూ బతుకుతున్నారు. పాముల గురించి గిరిజనులకు ఉన్న జ్ఞానం చట్టబద్ధమైన జీవనోపాధి కాగలదనడానికి ఆ సంఘమే సాక్ష్యం.

దీనికి అనుబంధంగా మరొక మాట, కొంచెం ఇబ్బందికరమైనది. వన్యప్రాణి చట్టం ప్రకారం ఉడుము అత్యధిక రక్షణ ఉన్న మొదటి షెడ్యూలు జీవి. ఒకప్పుడు అది చెంచుల ఆహారంలో భాగం. ఉడుములు ఎక్కడ ఎక్కువగా ఉండేవి, ఎప్పటి నుంచి తగ్గాయి అని మేము అడిగితే పెద్దవాళ్లు మాట మార్చేస్తారు, చెప్పిన మాట రేపు కేసు అవుతుందేమోనని వారి భయం. పరిశీలనలో భాగంగా ఎవరైనా పాత సంగతులు చెప్తే దాన్ని వారి మీద వాడబోమని మీ శాఖ రాతపూర్వకంగా హామీ ఇస్తే తప్ప ఆ జ్ఞానం మనకు దక్కదు. వేటను మన్నించమని కాదు, జ్ఞాపకాన్ని నేరంగా చూడవద్దని.

సమాచారం ఎవరి చేతికి పోతుందన్నది అంతకన్నా పెద్ద సమస్య. రెండు తలల పాము అని పిలిచే మన్నుతిన్న పాముకు లక్షల రూపాయలు ఇస్తామని నమ్మించే ముఠాలు మన జిల్లాల్లో తిరుగుతూనే ఉన్నాయి. నక్షత్ర తాబేళ్లను పెంపుడు జంతువులుగా విదేశాలకు దొంగచాటుగా తరలిస్తారు, ఆ బెడద వల్లే 2019లో వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందంలో ఆ తాబేలును అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలోకి మార్చారు. ఉడుము అవయవాలను పూజా సామగ్రి పేరుతో అమ్మేవారున్నారు. కాబట్టి ఈ జీవులు కనిపించిన చోటును మేము బహిరంగంగా పెట్టము, వాట్సాప్ గ్రూపుల్లో పంచుకోము. కచ్చితమైన స్థానం మీ శాఖకూ, పర్యవేక్షించే శాస్త్రవేత్తకూ మాత్రమే తెలియాలి, మిగతా ప్రపంచానికి మండలం పేరు చాలు. ఈ నియమాన్ని ఉల్లంఘించినవారి పేరు జాబితా నుంచి తొలగించే అధికారం మీ చేతిలో ఉంచుకోండి. అయితే సమాచారమంతా మీ కార్యాలయంలోనే ఆగిపోకూడదు. ఏటా ఒకసారి, ఏ ఊరి కుంటలో ఏయే కప్పలు అరిచాయో, ఏవి అరవలేదో, తెలుగులో రెండు పేజీలు ఆ ఊరి పంచాయతీకి పంపితే బాగుంటుంది. ఊరివాళ్లు ఆ కుంటను పూడ్చేటప్పుడు ఒక్కసారైనా ఆలోచిస్తారు.

మా వల్ల జరిగే హాని గురించి కూడా మాట్లాడాలి. కప్పల చర్మానికి పట్టే ఒక బూజు తెగులును 1990ల చివర్లో శాస్త్రవేత్తలు గుర్తించారు. 2019లో వెలువడిన అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా కనీసం 501 జాతుల క్షీణతలో దాని పాత్ర ఉంది, వాటిలో 90 జాతులు అంతరించి ఉంటాయని భావిస్తున్నారు. మన దేశంలో పశ్చిమ కనుమల్లోనూ దాని ఉనికి నమోదైంది. బురద అంటిన బూట్లతో, తడి వలలతో ఒక కుంట నుంచి మరో కుంటకు ఆ తెగులును మోసుకుపోయేది మనిషే. అందుకే కుంట మారిన ప్రతిసారీ బూట్లు కడిగి, మందు నీళ్లలో ముంచి, ఆరనివ్వడం మాకు తప్పనిసరి నియమంగా పెట్టండి. ఎత్తిన బండను ముందు ఉన్నట్టే తిరిగి పెట్టడం, కుంటలోకి దిగకుండా గట్టు మీదే ఉండటం, ఫొటో కోసం పామును వెంబడించకుండా ఉండటం కూడా ఆ నియమావళిలో ఉండాలి. ఈ చివరిది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, ఫోన్ చేతిలో ఉన్న కుర్రవాణ్ణి ఆపడం పామును ఆపడం కన్నా కష్టం.

భద్రత విషయంలో మీ ఆందోళన న్యాయమైనదే. రాత్రి అడవిలో మేము భయపడేది పాములకు కాదు, ఎలుగుబంటికి. అందువల్ల లోపలి కుంటలకు మీ బేస్ క్యాంపు సిబ్బంది లేనిదే మేము పోము. వారికి వీలుకాని రాత్రుల్లో అడవి అంచు కుంటలకు, రోడ్డు పక్క కుంటలకు మాత్రమే పరిమితమవుతాం. ఎవరూ ఒంటరిగా తిరగరు, మోకాలి వరకు బూట్లు, తలకు లైటు లేనివారు నడవరు, పద్దెనిమిదేళ్లు నిండనివారిని రాత్రి నడకకు తీసుకురాము. మీ వైపు నుంచి, పరిశీలన జరిగే నెలల్లో దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో పాము విషానికి విరుగుడు మందు ఉందో లేదో ముందుగా వైద్యశాఖతో మాట్లాడి నిర్ధారించాలని కోరుతున్నాం. అది మాకోసం మాత్రమే కాదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది, భారం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతం ఉంది. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఏ ఊరి చుట్టూ రక్తపింజర ఎక్కువ, ఏ నెలలో కట్లపాము ఇళ్లలోకి వస్తుంది అన్న వివరం మా పుస్తకాల్లో ఉంటే, ఆ ఊరి ఆరోగ్య కేంద్రానికి అది నేరుగా పనికివస్తుంది.

ప్రపంచంలోని ఉభయచరాల్లో దాదాపు 41 శాతం జాతులు ముప్పులో ఉన్నాయని 2023లోనూ, సరీసృపాల్లో సుమారు 21 శాతం ముప్పులో ఉన్నాయని 2022లోనూ అంతర్జాతీయ అంచనాలు వచ్చాయి. ఆ శాతాల్లో మన అమ్రాబాద్ వాటా ఎంతో చెప్పడానికి ఏటా వరుసగా సాగే రాత కావాలి. 1983లో పులుల సంరక్షణ పథకంలోకి వచ్చిన అడవి ఇది. పులి కోసం మనం కాపాడిన అడవిలోనే పులి కన్నా చిన్నవాటి చరిత్రను కూడా రాసుకోవడానికి కొత్తగా నిధులు, కొత్త భవనాలు అక్కరలేదు.

కార్యాచరణగా మేము అడిగేవి ఇవి. మొదటి ఏడాదికి మన్ననూరు, అమ్రాబాద్, దేవరకొండ వైపు కలిపి మీరే ఎంచిన పది పన్నెండు కుంటలు, మూడు నాలుగు నడక దారులు చాలు, లోపలి కోర్ ప్రాంతం వద్దనుకుంటే మొదట అంచుల్లోనే మొదలుపెడదాం. ఒక విశ్వవిద్యాలయాన్ని బాధ్యురాలిగా పెట్టి, దానితో మీ శాఖ పదేళ్ల ఒప్పందం చేసుకోవాలి, పరిశోధకులు మారినా ఒప్పందం మారకూడదు. పరిశీలకులకు ఏటా పునరుద్ధరించే గుర్తింపు కార్డులివ్వాలి, కార్డు పునరుద్ధరణ వేసవిలోనే పూర్తికావాలి. దరఖాస్తు ఆగస్టులో ఆమోదం పొందితే ఆ ఏడాది పని దాదాపు వృథా. చెంచు మార్గదర్శుల కూలీని అభయారణ్యం నిధుల నుంచి నేరుగా వారి ఖాతాల్లో వేయాలి.

మృగశిర కార్తె జూన్ మొదటి వారం ముగిసే వేళకు ప్రవేశిస్తుంది. అంతకు ముందే, మే నెలలో మీకు వీలున్న ఏ రోజైనా, అచ్చంపేటలో గానీ మన్ననూరులో గానీ ఒక పూట మాతో కూర్చోవాలని మనవి. మేము కుంటల పటం, పరిశీలకుల జాబితా, ఇంతవరకు రాసిన నోటుపుస్తకాలు వెంట తెస్తాం. వాటిలో తప్పులుంటే మీ సిబ్బంది ఎదుటే శాస్త్రవేత్తలు సరిదిద్దుతారు. అనుమతి ఇవ్వలేని కారణం ఏదైనా ఉంటే ఆ కారణాన్ని రాతలో తెలియజేయండి, దానికి తగినట్టు మా ప్రతిపాదనను మార్చుకుని మళ్లీ సమర్పిస్తాం.

ఇట్లు,
అచ్చంపేట, అమ్రాబాద్, పదర, దేవరకొండ, చందంపేట ప్రాంతాల స్వచ్ఛంద పరిశీలకుల తరఫున
ఒక పరిశీలకుడు